గౌను బిడ్డ కొరకే



డిసెంబరు దగ్గర పడేకొద్దీ మన ఊళ్లలో రెండు చోట్ల రాత్రి పొద్దుపోయేవరకు దీపము వెలుగుతూనే ఉంటుంది. ఒకటి పిల్లలకు పాటలు, డ్యాన్సులు నేర్పే మందిరము. రెండవది కుట్టుమిషను ఉన్న ఇల్లు. ఈ మధ్య ఆ రెండు చోట్లా "టుటు" అనే క్రొత్త మాట వినిపిస్తున్నది. ఫోనులో బొమ్మ చూపించి, "అక్కా, మా పాపకు అచ్చం ఇలాంటిదే కుట్టిపెట్టవా" అని అడిగే తల్లులను మేము చూస్తున్నాము. అందుకే ఈ నెల ఈ చిన్న గౌను గురించే నాలుగు మాటలు వ్రాస్తున్నాము. చూడటానికి ఇది చిన్న విషయమే. దీనిలో పిల్లల క్షేమముంది, ఇంటి డబ్బుంది, ఇతరుల కష్టార్జితము కూడా ఉంది.

టుటు అంటే నడుము దగ్గర బిగువుగా ఉండి, క్రింద పలుచని వలగుడ్డ పొరలు పొరలుగా విచ్చుకొని నిలిచే పొట్టి పావడా. మనము ఏళ్ల తరబడి కుట్టించుకొంటున్న నెట్ గౌనుకు ఇది అక్క వరుస. ఇది యూరపులోని బ్యాలే నాట్యములో నుండి వచ్చింది. 1832లో పారిసులో మేరీ టాగ్లియోనీ అనే నర్తకి "లా సిల్ఫీడ్" అనే నాట్యములో తెల్లని, తేలికయిన, గంట ఆకారపు పావడా ధరించింది. ఆ తరువాత నర్తకులందరూ దానినే అనుసరించారు. పాదాల కదలిక బాగా కనబడాలని రానురాను దాని పొడవు తగ్గిస్తూ వచ్చారు. ఆ వలగుడ్డను "ట్యూల్" అంటారు. అది ఫ్రాన్సులోని ఒక ఊరి పేరు. 1809లో ఇంగ్లాండులో జాన్ హీత్‌కోట్ అనే ఆయన ఇటువంటి వలను నేసే యంత్రానికి పేటెంటు పొందిన తరువాత, అంతకు ముందు గొప్పవారికే దొరికిన ఈ గుడ్డ సామాన్యులకు కూడా అందుబాటులోకి వచ్చింది. ఈ రోజు మన బజారులో దొరికే నెట్టు ఎక్కువగా నైలాను, పాలిస్టరు దారముతో చేసినదే.

ఈ అందమైన చరిత్రలో ఒక దుఃఖము కూడా ఉంది. అది తల్లిదండ్రులందరూ తెలిసికొనవలసినది. 1862 నవంబరులో పారిసులో ఎమ్మా లివ్రీ అనే 20 ఏళ్ల నర్తకి రిహార్సలులో ఉండగా, స్టేజీ మీది గ్యాసు దీపము మంట ఆమె పావడాకు తగిలింది. పలుచని పొరలు క్షణాలలో అంటుకొన్నాయి. ఆమె ఎనిమిది నెలలు బాధపడి 1863 జూలైలో కన్నుమూసింది. అప్పటికే గుడ్డ త్వరగా అంటుకొనకుండా మందు నీటిలో ముంచే పద్ధతి ఉంది. అయితే ఆ మందు పెడితే గుడ్డ బిరుసెక్కి, తెలుపు తగ్గి అందము పోతుందని ఆమె ఒప్పుకొనలేదు. కాలిన ఆమె దుస్తుల ముక్కలను పారిసులోని ఆపెరా మ్యూజియములో ఇప్పటికీ భద్రపరచి ఉంచారు.

మందముగా ఉన్న గుడ్డకు నిప్పు తగిలితే ఆర్పటానికి కాస్త వ్యవధి ఉంటుంది. వలగుడ్డకు అది ఉండదు. పొర పొరకూ మధ్య గాలి నిండి ఉంటుంది గనుక మంట ఒక్కసారిగా పైకి ప్రాకుతుంది. నైలాను, పాలిస్టరు అయితే కరిగి చర్మానికి అతుక్కొంటుంది. పైగా విచ్చుకొని నిలిచే గౌను బిడ్డ ఒంటికి జానెడు దూరము వరకు వ్యాపించి ఉంటుంది. తన గౌను అంచు ఎక్కడి వరకు ఉన్నదో నాలుగేళ్ల పాపకు తెలియదు.

ఇప్పుడు మన క్రిస్మస్ రాత్రిని తలచుకోండి. దేవదూతల వేషము వేసిన చిన్నారులకు తెల్లని నెట్ గౌన్లు తొడుగుతాము. వారి చేతికే వెలుగుతున్న కొవ్వొత్తులు ఇచ్చి వరుసగా నిలబెడతాము. వెనుక ఉన్న పాప కొవ్వొత్తి ముందున్న పాప గౌనుకు మూరెడు దూరములో కూడా ఉండదు. బయటకు వస్తే చలిమంట, కాకరపువ్వొత్తులు ఉంటాయి. పుట్టినరోజయితే కేకు మీద కొవ్వొత్తులు, వాటి ప్రక్కనే పిల్లల మీద చల్లే నురుగు స్ప్రే. ఆ డబ్బాలు కొన్నింటిలో మండే వాయువు ఉంటుంది. దానిని మంట దగ్గర చల్లటము మహా ప్రమాదము. గనుక సంఘ పెద్దలకు, సండేస్కూలు టీచర్లకు మా మనవి ఇదే: నెట్ గౌను వేసిన బిడ్డ చేతికి నిప్పు ఇవ్వవద్దు. బ్యాటరీతో వెలిగే కొవ్వొత్తులు ఇప్పుడు దొరుకుతున్నాయి. అయితే వాటి బ్యాటరీ మూత స్క్రూతో బిగించి ఉన్నదో లేదో చూడండి. బిళ్లలాంటి చిన్న బ్యాటరీని పిల్లలు మింగితే రెండు గంటలలోనే అన్నవాహికను కాల్చివేయగలదు. గౌనుకే చిన్న లైట్లు కుట్టి అమ్మేవాటికి కూడా ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

ఒకవేళ గౌను అంటుకొంటే బిడ్డను పరుగెత్తనీయకండి. నేల మీద పడుకోబెట్టి దొర్లించండి, లేదా మందపాటి నూలు దుప్పటి కప్పి మంట ఆర్పండి. కాలిన చోట 20 నిమిషాలపాటు మామూలు చల్లని నీళ్లు ధారగా పోయండి. చర్మానికి అతుక్కొన్న గుడ్డను లాగవద్దు. సిరా, పేస్టు, నెయ్యి, ఐసు ఏదీ పెట్టవద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి, 108కి ఫోను చేసి ఆస్పత్రికి తీసికొని వెళ్లండి.

అయితే టుటు కుట్టించనే వద్దా? అలా మేము చెప్పటము లేదు. గిరగిర తిరిగినప్పుడు గౌను గొడుగులా విప్పారితే పసిబిడ్డ పొందే ఆనందము మంచిదే. ఎంపికలో వివేకము ఉంటే చాలు. కుట్టించుకొనటములో ఉన్న లాభమే అది. రెడీమేడులో కంపెనీవారు ఇచ్చినదే తీసికోవాలి. కుట్టించేటప్పుడు మన బిడ్డకు కావలసినది అడగవచ్చు.

మొదట గుడ్డ చూడండి. కొట్టులో నెట్టును చేతితో కాదు, మీ మోచేతి లోపలివైపు రుద్ది చూడండి. అక్కడ గీరుకొంటే బిడ్డ తొడ మీద ఇంకా ఎక్కువ గీరుకొంటుంది. గట్టి నెట్టు బాగా నిలుస్తుంది గాని గుచ్చుతుంది. మెత్తని నెట్టు కొంచెము వాలుతుంది గాని బిడ్డ ఏడవదు. పైన ఎటువంటి నెట్టు వేసినా, ఒంటికి తగిలే చోట మెత్తని నూలు లైనింగు వేయించండి. శాటిన్ లైనింగు మెరుస్తుంది గాని చెమట పీల్చదు. మే నెలలో పుట్టినరోజు అయితే చెమటకాయలు తప్పవు.

రెండవది కొలతలు. పాత గౌనును ఆదిగా పంపటము మన అలవాటు. పెద్దవారికి అది సరిపోతుంది గాని పిల్లలు మూడు నెలలలోనే మారిపోతారు. బిడ్డనే తీసికొని వెళ్లండి. భోజనము చేసిన తరువాత కొలిపించండి. పొట్ట నిండినప్పుడు పట్టని నడుము ప్రేమ విందు రోజున బాధ పెడుతుంది. పొడవు మోకాలికి కొంచెము పైన గాని, సరిగా మోకాలి దగ్గర గాని ఉంటే మెట్లు ఎక్కేటప్పుడు కాలికి అడ్డము పడదు. పొట్టిగా ఉన్నదని పెద్దలు అభ్యంతరపడితే, లోపల మోకాళ్ల వరకు నూలు పంట్లాము కుట్టించండి. దాని కొరకు బిడ్డను పదిమందిలో సిగ్గుపరచవద్దు. నడుముకు ఎలాస్టిక్కు, లోపలివైపు రెండు అంగుళాల మడత ఉంచితే వచ్చే సంవత్సరము కూడా పనికివస్తుంది.

మూడవది అలంకారము. మూడేళ్లలోపు పిల్లలకు పూసలు, కుందనాలు, ఊడివచ్చే చెమ్కీలు వద్దు. అవి నోటిలోకి, ముక్కులోకి పోతాయి. మెడ చుట్టూ కట్టే త్రాడు ఏ వయసు బిడ్డకూ వద్దు. గుండుసూదులతో నిలబెట్టిన పువ్వులు అసలే వద్దు.

ఇంట్లోనే చేసికొనాలనుకొనే తల్లులకు కుట్టుపని లేని పద్ధతి ఒకటి ఉంది. మూడు నాలుగేళ్ల పాప నడుము 20 అంగుళాలు అనుకొందాము. 18 అంగుళాల చుట్టుకొలత వచ్చేలా వెడల్పు ఎలాస్టిక్కును కలిపి కుట్టండి. మెత్తని నెట్టును 6 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవు ముక్కలుగా కత్తిరించండి. ఒక్కొక్క ముక్కను మధ్యకు మడచి, ఎలాస్టిక్కు క్రిందనుండి తెచ్చి, దాని కొసలను ఆ మడతలోనుండే లాగి ముడి బిగించండి. ముడికి పోగా సుమారు పది అంగుళాల పావడా వస్తుంది. 60 ముక్కలకు, 60 అంగుళాల పన్నా గల నెట్టు సుమారు మూడున్నర మీటర్లు పడుతుంది. లోపల నూలు పావడా మాత్రము మరువవద్దు.

ఇక కుట్టేవారి సంగతి. 20 అంగుళాల నడుముకు ఒక్కొక్క పొర నాలుగు రెట్లు కుచ్చు పెడితే 80 అంగుళాలు అవుతుంది. నాలుగు పొరలకు 320 అంగుళాలు, అనగా ఎనిమిది మీటర్లకు పైగా కుచ్చు పట్టాలి. నెట్టు జారుతుంది, సూది క్రింద నిలవదు. ఆ అక్క రాత్రి కళ్లు కాయలు కాచేలా కూర్చొని కుట్టిన గౌనుకు, "ఇంత చిన్న గౌనుకు ఇంత కూలియా" అని బేరమాడటము న్యాయము కాదు. మన నరసాపురము, పాలకొల్లు ప్రాంతాల లేసు కథ మనకు తెలిసినదే. మిషనరీల కాలము నుండి అక్కడి స్త్రీలు అల్లిన లేసు విదేశాలకు వెళ్లింది. 1982లో మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు వారిపై ప్రచురించిన పుస్తకములో, వారి శ్రమను తీరిక వేళ కాలక్షేపముగా లెక్కగట్టి అతి తక్కువ కూలి ఇచ్చిన సంగతి బయటపెట్టింది. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు సంతోషమే, కూలి కూడా అందాలి. పనివాని కూలి బిగపట్టుట ఎంత పాపమో యాకోబు పత్రిక చదివినవారికి మేము వేరుగా చెప్పనక్కరలేదు. మీ పాప గౌను కాలరుకు ఆ నూలు లేసు ఒక వరుస వేయించండి. నెట్టు గుచ్చదు, మన ఊరి స్త్రీకి పని దొరుకుతుంది. గౌను నవంబరు మొదటిలోనే ఇవ్వండి. తీసికొనే రోజునే డబ్బు చేతిలో పెట్టండి.

అప్పు చేసి మాత్రము గౌను కుట్టించవద్దు. ఒక్క సాయంకాలము వేసికొనే బట్టకు ఆరు నెలలు వడ్డీ కట్టే ఇళ్లు ఉన్నాయి. యాకోబు తన కుమారులలో ఒక్కనికే కుట్టించిన అంగీ ఆ ఇంటిలో ఎంత అసూయ రేపినదో మనకు తెలుసు. స్టేజీ మీద పదిమంది పిల్లలలో ఒక్క పాప మెరిసిపోతూ, ప్రక్క పాప తన పాత గౌను వైపు చూచుకొంటూ నిలబడితే, ఆ చూపు తల్లిదండ్రులకు కనబడకపోవచ్చు గాని దేవునికి కనబడుతుంది. గనుక సంఘాలు ఒక పని చేయవచ్చు. దేవదూతల వేషానికి ఒకే రకము తెల్లని నూలు గౌన్లు పది కుట్టించి, ఉతికి, పెట్టెలో భద్రపరిస్తే ఏటేటా పనికివస్తాయి. విధవరాండ్రకు బట్టలు కుట్టిన దొర్కా వంటి సహోదరి ప్రతి సంఘములోనూ ఉంటుంది. ఆమెకు గుడ్డ, కూలి మనము సమకూరుద్దాము.

సమూయేలు తల్లి హన్నాను ఒక్కసారి గుర్తు చేసికోండి. ఆమె ఏటేటా చిన్న అంగీ కుట్టి, దేవాలయములో ఉన్న కుమారునికి తీసికొని వెళ్లేది. ఆ అంగీ రంగు ఏమిటో, ఖరీదు ఎంతో లేఖనములో లేదు. అయితే సంవత్సరమంతా కళ్లెదుట లేని బిడ్డ ఈపాటికి ఎంత ఎదిగి ఉంటాడో, భుజాలు ఎంత వెడల్పయి ఉంటాయో ఆ తల్లి ప్రతిసారీ తలపోసి ఉంటుంది. కుట్టించిన బట్ట విలువ అక్కడ ఉంది. మన బిడ్డ మన కళ్లెదుటే ఉన్నది. గౌను ఇవ్వబోయే ముందు ఆమెనే అడగండి: "ఎక్కడైనా గుచ్చుతున్నదా అమ్మా? కూర్చొని చూడు. చేతులు పైకెత్తు. ఒకసారి పరుగెత్తు." ఆమె నవ్వుతూ పరుగెత్తితే ఆ గౌను బాగా కుదిరినట్టే.