గౌరవము ఒక ఋణము

గౌరవమును కోరనివారు లోకమున అరుదు. పాఠశాలలో బహుమానము వచ్చినచో బాలుడు సంతోషించును. సభలో మెడను పూలమాల పడినచో పెద్దవాడును సంతోషించును. అది తప్పు కాదు. కాని గౌరవము లభించిన మరునాడు అతడు ఏమి చేయవలెను? వేదిక ఎక్కి కూర్చుండవలెనా? లేక చీపురు చేతబట్టవలెనా? ఈ ప్రశ్నకు అమెరికా దేశపు స్కౌటులు ఒక శతాబ్దికి పైగా ఒక వింతయైన సమాధానమును చెప్పుచున్నారు. అది మన విద్యార్థులును ఆలోచింపదగినది.

స్కౌటు ఉద్యమమునకు మూలపురుషుడు బేడెన్ పవెల్. ఆయన 1907 లో ఇంగ్లండు దేశమునందలి బ్రౌన్‌సీ ద్వీపమున కొందరు బాలురతో ఒక శిబిరమును నడపెను. ఆ ఉద్యమము 1910 నాటికి అమెరికాలో వేరూనెను. మన దేశమున భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అను సంస్థ 1950 లో ఏర్పడెను. మెడకు స్కార్ఫు కట్టుకొని పుష్కరములలో యాత్రికులకు దారి చూపు స్కౌటులను మనవారు ఎరుగుదురు.

అమెరికా స్కౌటులలో ఒక గౌరవ సంఘము కలదు. దానికి ఆర్డర్ ఆఫ్ ది యారో అని పేరు. బాణము గుర్తుగా గల సంఘమని భావము. డెలావేర్ నదిలోని ట్రెజర్ ఐలండ్ అను దీవిలో ఫిలడెల్ఫియా నగరపు స్కౌటులకు వేసవి శిబిరము జరుగుచుండెడిది. 1915 లో ఆ శిబిరమునకు అధిపతి ఎర్నర్ గుడ్‌మన్. ఆయనకు సహాయకుడు కారల్ ఎడ్సన్. గుడ్‌మన్‌కు అప్పటికి ఇరువదినాలుగేండ్లు. సాటివారికి ఆదర్శముగా నుండు బాలురను గుర్తింపవలెనని వారిద్దరును తలచిరి. పతకములు పంచిపెట్టుట సులభమే. కాని వారు పతకములతో తృప్తిపడక, సేవయే ధర్మముగా గల సోదర బృందమును స్థాపించిరి. 1948 లో అది అమెరికా స్కౌటు సంస్థలో అంతర్భాగమయ్యెను. 2019 నుండి బాలికలకును అందు ప్రవేశము కలిగినది.

ఈ సంఘములో చేరుటకు దరఖాస్తు లేదు. కొంత అర్హత మాత్రము కావలెను. స్కౌటు ఫస్ట్ క్లాస్ అను శ్రేణిని అందుకొనియుండవలెను. గడచిన రెండేండ్లలో పదునైదు రాత్రులు శిబిరములలో గడిపియుండవలెను. స్కౌటు మాస్టరు ఆమోదము పొందవలెను. పిమ్మట దళములోని బాలబాలికలు ఓటు వేయుదురు. ఓటు వేయుటకు ఆ సంఘమున సభ్యులై యుండనక్కరలేదు. ఇదియే ఈ పద్ధతిలోని విశేషము. గౌరవ సంఘములు సాధారణముగా తమ సభ్యులను తామే ఎన్నుకొనును. ఇచ్చట తలుపు తీయువారు లోపలివారు కారు, బయటివారు. పైగా అర్హులని తోచిన వారందరికిని ఒకే స్కౌటు ఓటు వేయవచ్చును. సగము మంది మెచ్చినచో చాలును. కావున ఒకరి గెలుపు మరియొకరి ఓటమి కాదు.

సాటివారికి ఈ అధికారమిచ్చుట వివేకముతో కూడిన పని. వానలో గుడారము తడిసిన రాత్రి తన పొడి దుప్పటిని ప్రక్కవానికి ఇచ్చిన దెవరో, పాత్రలు తోమువేళ చెట్లచాటున దాగిన దెవరో ఉపాధ్యాయునికన్న తోటి పిల్లలే బాగుగా ఎరుగుదురు. ముఖప్రీతితో ఓటు వేయువారును ఉందురు గదా అని ఎవరైన అనవచ్చును. ఉందురు. ఏ ఎన్నికయు నిర్దోషము కాదు. కాని ఎన్నికయైనంత మాత్రమున కార్యము ముగియదు. పరీక్ష అటుపిమ్మటనే కలదు.

ఎన్నికైన వారికి వారాంతమున ఒక శిబిరమునకు పిలుపు వచ్చును. అది సాధారణముగా శుక్రవారము సాయంకాలము మొదలై ఆదివారము ఉదయమునకు ముగియును. మొదటి రాత్రి ప్రతి స్కౌటును ఆకాశము క్రింద ఒంటరిగా పరుండును. మరునాడు పగలంతయు మౌనము పాటించును, మితముగా భుజించును, ఒడలు వంచి పని చేయును. అడవి దారులు బాగుచేయుట, వంటచెరకు పేర్చుట, గోడలకు రంగు వేయుట మొదలగునవి ఆ పనులు. సాయంకాలము జరుగు సభలో వారికి ఎర్రని బాణము గల తెల్లని పట్టీని భుజము మీదుగా ధరింపజేయుదురు. వచ్చు వేసవిలో ఆ దారిని నడచు చిన్నపిల్లలు దానిని బాగుచేసినవారి పేర్లను ఎరుగరు. ఎరుగవలసిన పనియు లేదు.

ఇందు మరియొక చక్కని ఏర్పాటు కలదు. క్రొత్తవారిని చిన్న జట్లుగా విభజించి, ఒక్కొక్క జట్టునకు పాత సభ్యుడొకనిని తోడుగా నిలుపుదురు. అతనిని ఎలంగోమాట్ అందురు. లెనాపె అను ఆదివాసుల భాషనుండి గ్రహించిన ఆ మాటకు మిత్రుడని అర్థము చెప్పుదురు. అతడు వెనుకటి సంవత్సరములలో ఈ దీక్షను ముగించినవాడే. అయినను క్రొత్తవారితో కలసి మరల మౌనము పాటించును, ఆ కొద్దిపాటి అన్నమునే తినును, ఆ బరువులనే మోయును.

పిల్లలకు ఈ కష్టము దేనికి, ఇది వేధించుట కాదా అని కొందరు అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. మన కళాశాలలలో క్రొత్తవారిని బాధించు ర్యాగింగు అను దురాచారము ప్రబలినందున ఆంధ్రప్రదేశ్‌లో 1997 లో దానిని నిషేధించుచు చట్టము చేయవలసివచ్చెను. ఆ రెండింటికిని భేదమేమి? భేదమును కనుగొనుటకు రెండు ప్రశ్నలు చాలును. కష్టము కలిగించువాడు తానును దానిని పంచుకొనుచున్నాడా? ఆ కష్టమువలన మూడవవాని కెవనికైన మేలు కలుగుచున్నదా? ర్యాగింగులో పాతవాడు నవ్వును, క్రొత్తవాడు కన్నీరు పెట్టును. పని యేదియు జరుగదు. ఈ శిబిరములో పాతవాడును క్రొత్తవాడును ఒకే దుంగను చెరియొక కొన పట్టి మోయుదురు. సాయంకాలమునకు దారి బాగుపడును. అనారోగ్యము గలవారికి ఆహారమును పనియు తగినట్లు మార్చుదురు. ఎవరినైనను అవమానపరచుటను స్కౌటు సంస్థ నిషేధించినది.

ఈ సంఘమున లోపములు లేకపోలేదు. స్థాపకులు తమ ఉత్సవములకు లెనాపె ఆదివాసుల పేర్లను, గాథలను ఎరువు తెచ్చుకొనిరి. ఆదివాసుల పవిత్ర వేషములను ఇతరులు ఆటవస్తువులుగా ధరించుట తగదని విమర్శ బయలుదేరెను. ఆ విమర్శ సరియైనదే. చిన్నపిల్లలు దళములలో ప్రవేశించు ఉత్సవములలో ఆ వేషములను 2019 నుండి మానిపించిరి. దానివలన సంఘమునకు కలిగిన నష్టమేమియు లేదు. సేవ చేయువానికి ఈకల కిరీటముతో పనిలేదు. చేతిలో పార ఉన్న చాలును.

మన పాఠశాలలలోను ఏటేట తరగతి నాయకులను ఎన్నుకొందురు; ఆటల జట్లకు నాయకులను నియమింతురు. ఎన్నికైనవాడు తోటివారిపై అధికారము చెలాయించుట, అల్లరి చేసినవారి పేర్లను నల్లబల్లపై వ్రాసి తాను మాత్రము తప్పించుకొనుట పలుచోట్ల కనబడును. అతడు ఎన్నిక నాటి సాయంకాలమే, ఎవరును చూడని వేళ, తరగతి గది ఊడ్చి బెంచీలు సరిచేసిన ఎంత బాగుండును! చదువులో వెనుకబడిన తోటివాని ప్రక్క కూర్చుండి ఒక లెక్క బోధించిన ఎంత బాగుండును! అతనికి ఓటు వేసినవారు అతనిని నమ్మి కొంత ఋణమిచ్చిరి. ఆ ఋణము చప్పట్లతో తీరదు. అది చేతులతో తీర్చవలసిన ఋణము.