చెవిలోని బిరడా, చేతిలోని నాబ్



గత ఉగాది సాయంకాలము మన సభామంటపములో పిల్లల వాద్యబృందము పాడుచుండగా, నా వెనుక వరుసలోని ఇద్దరు తల్లుల సంభాషణ నా చెవిని బడినది. "చూచితివా వదినా, వేదిక మీద నిలుచుండి కూడ చెవులలో ఆ బిరడాలు పెట్టుకొని వేరే పాటలు వినుచున్నారు!" అని యొకరు నొచ్చుకొనిరి. రెండవవారు నిట్టూర్చిరి. ఆ బృందములో కీబోర్డు వాయించువాడు నా తమ్ముని కుమారుడే యగుటచే నేను మారుమాటాడక యూరకుంటిని. కాని ఈ నెల ఈ శీర్షికను ఆ ఇద్దరి కొరకే వ్రాయుచున్నాను. పిల్లలు వినుచున్నది వేరే పాట కాదు. తాము పాడుచున్న పాటనే వినుచున్నారు.

వేదికపై నిలిచినవానికి తన పాట తనకు సరిగా వినబడదను సంగతి క్రింద కూర్చున్న మనకు తోచదు. పెద్ద స్పీకర్లు మన వైపు తిరిగి యుండును. వాని వెనుక నిలిచినవారికి చేరునది గోడలను తాకి ఆలస్యముగా మరలివచ్చు ముద్ద ధ్వని మాత్రమే. అందుచే వెనుకటి కాలమున పాటగాని ముందు నేలపై వాలుగా నొక స్పీకరు నుంచెడివారు. డ్రమ్ముల మ్రోతలో అది చాలక దానిని పెంచుదురు, దానిని మించవలెనని గిటారువాడు తనది పెంచును, ఆ ధ్వనియే మరల మైకులో దూరి ఈలవేయును. ఈ పీడను తప్పించుటకే చెవిలో నిముడు మానిటర్లు వచ్చినవి. 1995లో జెర్రీ హార్వీ అను ధ్వనినిపుణుడు అలెక్స్ వాన్ హేలెన్ అను డ్రమ్ముల వాద్యకారుని కొరకు అట్టివి తయారుచేసిన పిమ్మట వాని వాడుక విస్తరించినది. డిజిటల్ మిక్సర్లు చౌకయైన తరువాత చిన్న బృందములకును అవి అందుబాటులోనికి వచ్చినవి.

మా పిల్లలవద్ద నున్నది బెహ్రింగర్ ఎక్స్ఆర్18 అను చిన్న పెట్టె. దానిలోనికి పదునెనిమిది ధ్వనులు ప్రవేశించును. సభకు వినిపించు మిశ్రమము గాక, ఆక్సు అను ఆరు వేరు మార్గములు గలవు. బృందమున ఐదుగురున్నారు గనుక ఒక్కొక్కరికి ఒక్కొక్క మార్గము. పప్పు ఒక్కటే యైనను ఉప్పు ఎవరి విస్తరిలో వారు వేసికొన్నట్లు, గాయని తన చెవిలో తన గొంతు హెచ్చుగాను, డ్రమ్ములవాడు బేస్ గిటారు హెచ్చుగాను పెట్టుకొనవచ్చును. ఈ మార్గములను ఫేడరుకు ముందునుండి తీసికొనునట్లు అమర్చవలెను. లేనిచో సభ కొరకు ఎవరైన గాయని ధ్వని తగ్గించినప్పుడు ఆమె చెవిలోను అది తగ్గిపోవును.

అయితే ఉప్పు వేయు చేయి ఎవరిది? ఆ పెట్టెమీద ఇందుకు మీటలు లేవు. సర్వము వైఫై ద్వారా టాబ్లెట్టుపై నడువవలెను. మొదట ఆ పలక గిటారువానివద్ద నుండెను. తక్కినవారు పాట మధ్యలో కనుబొమ లెగురవేయుచు, వ్రేళ్లు పైకి క్రిందికి చూపుచు అతనిని వేడుకొనవలసి వచ్చెను. పైకి చూపిన వ్రేలు "నన్ను పెంచు" అనియా, "నిన్ను తగ్గించుకొని నన్ను వినుము" అనియా అతనికి తెలియకపోయెను. తరువాత ఎవరి ఫోనులో వారు సవరించుకొన జూచిరి. కఱ్ఱలు పట్టిన చేతులతో ఫోను తాకుట యెట్లు? చెమటవ్రేలికి తెర లోబడదు. ఆ పెట్టెలోని వైఫై 2.4 గిగాహెర్ట్సులలోనే పనిచేయును. మూడువందల ఫోనులున్న పెండ్లి మంటపములో అది అప్పుడప్పుడు తెగిపోవుట సహజమే.

అందుచే వారు మిడి నాబ్లను ఆశ్రయించిరి. మిడి అనునది 1983లో వాడుకలోనికి వచ్చిన వాద్యముల యుమ్మడి భాష. ఆ సంవత్సరము జనవరిలో ఒక అమెరికా కంపెనీ కీబోర్డును ఒక జపాను కంపెనీ కీబోర్డును ఒక్క తీగతో కలిపి, ఒకదానిని వాయించగా రెండవదియు పలుకునట్లు ప్రదర్శించిరి. దానికి కృషిచేసిన డేవ్ స్మిత్, ఇకుతారో కకెహాషి అను ఇద్దరికి 2013లో గ్రామీ సాంకేతిక పురస్కారము లభించినది. ఆ తీగలో ధ్వని యేమాత్రమును ప్రవహించదు. పోవునవి ఉత్తరువులే. నాబ్ త్రిప్పినచో మూడు చిన్న మాటలు పోవును: ఇది నాబ్ కదలిక, ఇది ఫలానా సంఖ్యగల నాబ్, దాని విలువ ఇంత. ఆ విలువ 0 మొదలు 127 వరకు నుండును. ఆ మూడు మాటలు పాత తీగపై సెకనులో వెయ్యవవంతు లోపలనే చేరిపోవును.

ఎక్స్ఆర్18 లోపలి ఆక్సు మార్గములకు ఈ ఉత్తరువును అందించుటకు నడుమ ఒక దుబాసి కావలెను. ఒక చిన్న కంప్యూటరు ఆ పనిచేయును. నాబ్ పంపిన 0-127 సంఖ్యను 0 నుండి 1 వరకు గల విలువగా మార్చి, మిక్సరునకు తెలిసిన ఓఎస్సీ భాషలో నెట్వర్కు తీగ ద్వారా పంపును. వైఫైతో పని లేదు. ఈ దుబాసి ఎట్లుండవలెనో తెలియకపోవుటచేతనే మా యింట ఒక కీడు జరిగినది. దానిని దాచక చెప్పెదను.

వారు మొదట తెచ్చినవి రెండు కొసలు గల మామూలు నాబ్లు. ఒక పెండ్లి నాడు సాయంకాలపు పరీక్షలో మా వాని ధ్వనిని టాబ్లెట్టుతో తగ్గించియుంచిరి. కాని వాని చేతి నాబ్ మాత్రము వెనుకటివలెనే పూర్తిగా పైకి తిరిగి యున్నది. రాత్రి మూడవ పాటలో కొంచెము తగ్గించుకొందమని దానిని వెండ్రుకవాసి కదపెను. అది పంపిన సంఖ్య 126. మిక్సరు వెంటనే ఆ యెత్తునకు దుమికినది. చెవిలో బిగించిన బిరడాలో ఒక్కసారిగా ఉరుము! ఇంటికి వచ్చి, "పెదనాన్నా, చెవిలో కీచురాయి యరచుచున్నది" అనెను. రెండు దినములు ఆ యరపు మానలేదు. ఆ రెండు రాత్రులు వాని తల్లి నిద్రపోలేదు. అది తగ్గుట మా యదృష్టము. కొందరికి అది జీవితాంతము నిలిచిపోవును.

ఆ తరువాతనే మేము లెక్కలు చూచితిమి. ఆ మిక్సరులో 0.75 విలువకు సున్న డెసిబెలు, 1కి పది డెసిబెలుల హెచ్చు. పది డెసిబెలులు పెరిగినచో చెవికి సుమారు రెండింతలుగా తోచును. ఇప్పుడు దుబాసిలో 127 వచ్చినను 0.75 దాటకుండ కట్టడి చేసిరి. నాబ్ పూర్తిగా త్రిప్పినను సున్న డెసిబెలుకు మించదు. మిక్సరులో ప్రతి ఆక్సు మార్గమునకు గల కంప్రెసరును గట్టి అడ్డుకట్టగా నమర్చిరి. కొసలు లేక యెంతయైన తిరుగు నాబ్లను తెచ్చిరి. వాని చుట్టు దీపముల వలయముండును. టాబ్లెట్టుతో మార్చినను కంప్యూటరు ఆ దీపములను తగినట్లు మార్చును గనుక దుముకుట లేదు. నా మట్టుకు నేను ఈ మూడును లేని బృందమున మా యింటి పిల్లవానిని పంపను.

అమెరికాలోని నియాష్ అను వృత్త్యారోగ్య సంస్థ లెక్కప్రకారము 85 డెసిబెలుల ధ్వనిని దినమునకు ఎనిమిది గంటలు వినవచ్చును. మూడు డెసిబెలులు పెరిగిన ప్రతిసారి ఆ కాలము సగమగును. 100 డెసిబెలులకు పదునైదు నిమిషములే. పెండ్లి కచేరి నాలుగు గంటలు!

ఇప్పటి యేర్పాటు చెప్పెదను. ఒక్కొక్క దానిపై ఎనిమిది నాబ్లు గల ఎక్స్-టచ్ మినీ అను పలకలు రెండు. ఒకటి డ్రమ్ములవానికి, బేసువానికి నడుమను, రెండవది కీబోర్డునకు, గిటారునకు నడుమను ఉండును. మనిషికి నాలుగేసి నాబ్లు: తాను, గాయని, తాళము, తక్కినవన్నియు. డ్రమ్ముల మైకులెన్ని యున్నను తాళపు నాబ్ ఒక్కటే వానినన్నిటిని కలిపి జరుపును. మనిషికి ఎనిమిదేసి యిచ్చి చూచిరి గాని, పాట మాని సవరణలలో మునిగిరి. నాబ్ను నొక్కినచో సాధనలో నిర్ణయించుకొన్న విలువకు మరలివచ్చును. చీకటిలో దారి తప్పినవానికి ఇది యెంతో యాసరా. గాయని వేదికయంతయు తిరుగును గనుక ఆమెకు తీగలేని రిసీవరు నడుమున నుండును, నాబ్లు లేవు. ఆమె సంజ్ఞ చేసినచో మా వాడు సవరించును. ఒక్కరి సంజ్ఞయే గనుక ఇప్పుడు పొరపాటు రాదు.

వారు చెప్పిన మరియొక సంగతి నన్ను ఆశ్చర్యపరచినది. చెవులు మూసికొన్నచో సభలోని చప్పట్లు వినబడక, అద్దాలపెట్టెలో పాడినట్లుండునట. అందుచే కొందరు ఒక చెవి బిరడా తీసివేయుదురు. అది మంచిది కాదు. రెండవ చెవిలో మరింత పెంచుకొనవలసి వచ్చును. మా వారు సభవైపు త్రిప్పిన ఒక మైకును పెట్టి, దాని ధ్వనిని కొంచెము అందరి చెవులకును చేర్చుచున్నారు. తల్లులారా, మీరు కొట్టు చప్పట్లు ఆ బిరడాల గుండనే వారికి చేరుచున్నవి.

మన రామభజన మండలికి కూడ ఇవి కొనవలెనా యని కార్యవర్గములో ఒకరు నన్నడిగిరి. అక్కఱలేదని నా మనవి. భజనపరులు ఎదురెదురుగా కూర్చుందురు. ఒకరి తాళము మరియొకరికి మూరెడు దూరమున మ్రోగును. రవాన్ తోలును మంట చెంత వెచ్చజేసి సెగా పాడిన పెద్దలును అట్లే దగ్గర దగ్గరగా చేరి పాడిరి. మూరెడు దూరము ముప్పది యడుగులై, నడుమ డ్రమ్ములు చేరినప్పుడే ఈ సరంజామాతో పని.

పిల్లల సాధన ప్రతి శనివారము మా యింటి వెనుక గదిలో సాయంకాలము అయిదు గంటలకు జరుగును. చూడగోరు తల్లిదండ్రులు నిరభ్యంతరముగా రావచ్చును. తలుపు తట్టినను వారికి వినబడదు. నెట్టుకొని లోనికి రండు.