ఆరోగ్యము: అడ్డపొగయు, మెడలోని బిళ్లయు



కోటబొమ్మాళి, టెక్కలి ప్రాంతపు పల్లెలలో అవ్వలు చుట్టను వెలిగించి, నిప్పుకొననే నోటిలో నుంచుకొని పీల్చుట చిరకాలపు వాడుక. దీనినే అడ్డపొగ యందురు. గాలికి నిప్పు ఆరదనియు, పంటినొప్పి తగ్గుననియు చెప్పి తల్లి కూతునకు నేర్పుచు వచ్చినది. ఆ సెగయు, పొగాకు విషమును నిత్యము తాకుచుండుటచే అంగిటిపై తెల్లని పొర యేర్పడి, కొందఱిలో నది రాచపుండుగా, అనగా కాన్సరుగా, పరిణమించును. మెహతా, పిండ్‌బోర్గు ప్రభృతులు మన దేశమున అయిదు జిల్లాలలో 50,915 మంది గ్రామస్థుల నోళ్లను పరీక్షించి, 1969లో ఫలితములను ప్రకటించిరి. అందు శ్రీకాకుళము జిల్లా యొకటి.

ఈ పుండు మొదట నొప్పి పెట్టకపోవచ్చును. కావున పెక్కుమంది దవడ క్రింద బిళ్ల కట్టువఱకు వైద్యుని దర్శింపరు. ఆ బిళ్ల యెట్లు వచ్చినది?

మన దేహమున లింఫు గ్రంథులను చిన్న ఠాణాలు గలవు. చర్మమునందును, నోటి పొరయందును కొమ్మలు చాచిన కాపరి కణములుండును. చర్మమునందలి వానిని 1868లో పాల్ లాంగర్‌హాన్సు వర్ణించెను. ఇవి శత్రువు ఆనవాలును ఠాణాకు చేర్పగా, అందలి టీ-కణములు మేల్కొని వచ్చి శత్రువును సంహరించును. కాని కాన్సరు కపటి. టీ-కణముపై దాని వేగము నాపు మీట యొకటి కలదు. కాన్సరు కణము దానిని నొక్కి కావలివానిని నిద్రపుచ్చును. పిదప లింఫు కాలువల వెంట పోయి ఆ ఠాణాలోనే కాపురము పెట్టును. కాలి చర్మపు కాన్సరు గజ్జలలోనికిని, అంగిటి కాన్సరు మెడలోనికిని ప్రాకుట యిట్లే.

ఇట్టి మీటలను గూర్చి పరిశోధించిన జేమ్సు ఆలిసన్, తసుకు హోంజో అను వారలకు 2018లో నోబెలు బహుమాన మీయబడెను. మీటను విడిపించు మందులు మొదట మెలనోమా యను చర్మపు కాన్సరునకును, పిమ్మట నోటి కాన్సరునకును వాడుకలోనికి వచ్చినవి. అయిన వాని వెల మిక్కిలి, అందఱియందును పనిచేయవు.

మన చేతిలోని మందు వేఱు. నెల కొకసారి అవ్వను వెలుతురున కూర్చుండబెట్టి నోరు చూడుడు. తెల్లని లేక ఎఱ్ఱని మచ్చ గాని, రెండు వారములకు మానని పుండు గాని, మెడయందు నొప్పి లేని గట్టి బిళ్ల గాని కనబడినచో ఆలస్యము చేయక వైద్యునికి చూపుడు. ప్రతి బిళ్లయు కాన్సరు కాదు. పంటి చీమునకును, గొంతునొప్పికిని గూడ బిళ్ల కట్టును. ఏది యేదో వైద్యుడే నిర్ణయింపవలెను. వాతలు పెట్టి, పట్టీలు వేసి దినములు గడపకుడు. విశాఖపట్టణము చెంత అగనంపూడిలో హోమీ భాభా కాన్సరు ఆస్పత్రి యున్నది.

అవ్వను నిందింపకుడు, ఆమెకు తల్లి నేర్పినదే ఆమె చేసినది. మెల్లగా మాన్పింపుడు. మీ కూతునకు మాత్రము నేర్పకుడు.