తెల్లగోడలు సరే, మరి నీడ?

ఇల్లు కట్టుకునేవాళ్ళ నోట ఈమధ్య ‘మెడిటరేనియన్ స్టైల్’ అన్న మాట బాగా వినిపిస్తోంది. తెల్లటి గోడలు, ఆర్చీలు, ఎర్రటి పెంకులు... ఫోటోలో చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. కానీ చాలామంది ఆ ఇళ్ళ సోకు తెచ్చుకుని, చల్లదనాన్ని అక్కడే వదిలేస్తున్నారని నాకనిపిస్తుంది.

స్పెయిన్‌లోని కోర్డోబానే తీసుకోండి. వేసవిలో అక్కడా ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పాత ఇళ్ళకు వీధివైపు కిటికీలు తక్కువ. గదులన్నీ ఇంటి మధ్యలో ఆకాశం కనిపించే ముంగిలి చుట్టూ ఉంటాయి. దాన్ని పాటియో అంటారు. మందపాటి గోడలకు సున్నం, మధ్యలో బావో నీటితొట్టో, గోడల నిండా పూలకుండీలు. రాత్రి చల్లగాలి అందులోకి దిగుతుంది. పొద్దెక్కగానే కిటికీలు మూసేసి, ముంగిలి మీదికి గుడ్డ పందిరి లాగుతారు. సాయంత్రం మళ్ళీ అన్నీ తెరుస్తారు. ఏటా మే నెలలో జరిగే ఈ పాటియోల పండుగకు 2012లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది.

మరి మన దగ్గర? సన్నటి గోడలు, నిలువెత్తు గాజు కిటికీలు, స్లాబు అంచున అందానికి నాలుగు వరసల పెంకులు. ముంగిలి ఉండాల్సిన చోట రెండంతస్తుల ఎత్తు హాలు. హాలుకి ఏసీ పెడతారు. వంటింట్లో ఉడికిపోయేది ఎవరో చెప్పాలా?

ఇంకో సంగతి. అక్కడ వేసవిలో వానలుండవు, చలికాలంలో పడతాయి. మనకు ఎండలు తగ్గీ తగ్గకముందే వానలు మొదలు. చూరు లేని తెల్లగోడ నాలుగు వానలకే పాచిపట్టి నల్లబడుతుంది. తెలంగాణ పొడి ఎండకు పగలు మూసి రాత్రి తెరిచే పద్ధతి పనికొస్తుంది. కోస్తా ఉక్కపోతలో అలా మూసుకుంటే ఊపిరాడదు. అక్కడ ఎదురెదురు కిటికీలు, వసారా ఉండాల్సిందే.

అయినా నడుమ ఆకాశం కనిపించే ఇల్లు మనకేం కొత్త? మన మండువా లోగిలి అదే కదా! పైగా మన వానలకు తగ్గట్టు వాలు పెంకులు, చూరుతో సహా.

అంత స్థలం ఇప్పుడు అందరికీ లేదు, నిజమే. కానీ పడమటి గోడకు నీడ, ప్రతి కిటికీకీ సన్‌షేడ్, డాబా మీద తెల్లసున్నం, వంటింటికి గాలి... వీటికి విల్లాయే అక్కర్లేదు.

ప్లాన్ చేతికొచ్చినప్పుడు ఇంజినీరుగారిని ఒక్కమాట అడగండి: మధ్యాహ్నం రెండింటికి ఎండ ఎటు పడుతుంది, వంటింటి వేడి ఎటు పోతుంది? వీధిలోవాళ్ళు ఎలివేషన్ చూసి మెచ్చుకుని వెళ్ళిపోతారు. రోజంతా లోపల ఉండేది మనమే.