ఏ పేజీలో ఉన్నారు?



పోయిన ఆదివారం మీటింగులో ఒకాయన లేచి, "ఈ కాలం పిల్లలు పుస్తకం ముట్టరండీ, అంతా ఫోనే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టినారు, మేమూ కొట్టినాం. ఇంటికొచ్చినాక మా ఇంటామె ఒకటే అడిగింది: "ఇంతకీ ఆయన ఇప్పుడేం చదువుతున్నాడంట?"

మా దగ్గర జవాబు లేదు. ఎవరింట్లో పెళ్ళి కుదిరిందో మనకు తెలుసు. ఎవరి బోరు ఎండిపోయిందో, ఎవరి కొడుక్కి తిరుమణి సోలార్ పార్కులో పని దొరికిందో తెలుసు. ఎవరి చేతిలో ఏ పుస్తకం ఉందో మాత్రం ఒకరికీ తెలీదు. ఈ పోస్టు దాని గురించే. పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

మన గ్రూపులో పుస్తకాల మాట మూడు రకాలుగానే వస్తుంది. ఒకటి, "చచ్చేలోపు చదవాల్సిన నూరు పుస్తకాలు" అనే లిస్టు. పంపినాయన వాటిలో పది చూసుంటే గొప్ప. రెండు, "ఐదొందల పుస్తకాల పీడీఎఫ్‌లు, వెంటనే దించుకోండి" అనే లింకు. రాసినవాని కష్టం, అచ్చేసినవాని ఖర్చు ఊరికే పంచిపెట్టి దాన్ని పుస్తకసేవ అంటున్నాం. దించుకున్నవాడు అందులో ఐదైనా తెరిచినాడా? మూడు, ఆవిష్కరణ సభ ఫోటో. శాలువా, పూలదండ, పుస్తకం పైకెత్తిన పది చేతులు. ఆ పది చేతుల్లో ఒక్క వేలు కూడా పేజీల మధ్యన ఉండదు.

మేము కోరేది నాలుగో రకం. "ఇప్పుడు ఇది చదువుతున్నా. నలభయ్యో పేజీలో ఉన్నా. ఇంతవరకు ఇట్లుంది. అయిపోయినాక కావాలంటే ఇస్తా." అంతే. దీనికి విమర్శకుడు కానక్కర్లేదు, వేదిక అక్కర్లేదు. చదువుతూ ఉంటే చాలు. కష్టమంతా అక్కడే ఉంది కాబట్టే మనం లిస్టులు పంపుతున్నాం.

ఎందుకింత గట్టిగా చెబుతున్నామంటే, మా సంగతి అదే. మా నాయన పని కోసం జోలార్‌పేట వైపు పోయినాడు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. రైల్వేలో గుంతకల్లు డివిజన్‌లో క్లర్కుగా చేరినాక స్టేషన్ బోర్డులే మాకు పెద్దబాలశిక్ష. ఇంగ్లీషులో పేరు చూసి, తెలుగులో "ధర్మవరం" అని కూడబలుక్కునేవాళ్ళం. "ర" కింద "మ" వత్తు మాకు నేర్పింది ఆ బోర్డే.

బోర్డు అక్షరం నేర్పింది గానీ, పుస్తకం పట్టించలేదు. ఆ పని చేసింది మా సీనియర్ ఒకాయన. రాత్రి డ్యూటీలో రావిశాస్త్రి గారి "అల్పజీవి" చదువుతుండేవాడు. టీ తాగేటప్పుడు పక్కింటాయన సంగతి చెప్పినట్టు చెప్పేవాడు: "ఈ పొద్దు సుబ్బయ్య మళ్ళీ భయపడినాడప్పా. వాడూ మనలాగా గుమాస్తానే." మరుసటి రాత్రి మేమే అడిగేవాళ్ళం, సుబ్బయ్య ఏమైనాడన్నా అని. ఒక తెల్లవారుజామున ఆయన కత సగంలో ఆపి, పుస్తకం మా బల్ల మీద పెట్టి, "మిగతాది నువ్వే చూసుకో" అని డ్యూటీ దిగిపోయినాడు. విశాఖ వైపు తెలుగు, మాకు సగం అర్థం కాదు. అయినా మూడు నెలలు వేలు పెట్టి చదివినాం. అది గొప్ప నవల అని ఆయన ఒక్కసారీ అనలేదు. అనుంటే దండం పెట్టి ఊరుకునేవాళ్ళం.

ఇక్కడ కొందరు అడ్డం వస్తారు. "పూర్తిగా చదవకుండా ఇంకొకరికి ఎట్లా చెబుతారు? రెండో సగం చెత్తగా ఉంటే?" న్యాయమైన ప్రశ్నే. మాకూ ఒకసారి అట్లా జరిగింది. సగంలో మెచ్చుకున్న పుస్తకం చివరికి విసుగు పుట్టించింది. "పప్పులో కాలేసినాం, రెండో సగం బాగాలేదు" అని చెప్పేసినాం. ఎవరికీ నష్టం రాలేదు. పైగా "అట్లా కాదు, మీకే అర్థం కాలేదు" అని ఒకాయన పనిగట్టుకొని చదివి మాతో కొట్లాడినాడు. సగంలో చెప్పేవాడు గ్యారంటీ ఇవ్వడం లేదు. "ఈ బండిలో మేమున్నాం, పక్కన సీటు ఖాళీగా ఉంది" అంటున్నాడు. పూర్తిచేసినవాడు దిగిపోయి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉపన్యాసం మొదలుపెడతాడు. ఉపన్యాసాలకు మనకేం కొదవ?

ఇంకో మాట: "పుస్తకం ఇస్తే తిరిగి రాదు." రాయకుండా ఇస్తే ఏదీ తిరిగి రాదు. పార్సిల్ రిజిస్టరులో పేరు, తేదీ, సంతకం లేకుండా ఒక్క మూట కదలనిచ్చినామా? పుస్తకానికీ ఒక నోటుబుక్కు పెట్టండి.

ఈ గొడవ మన తాలూకాకు ఇంకా ఎక్కువ ఎందుకో చెబుతాం. పావగడకు మూడు దిక్కులా ఆంధ్రానే. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడం చదువుతారు. కన్నడం చదవడం తప్పు కాదు, చదవాల్సిందే. పంచాయతీ లైబ్రరీలో కన్నడ పుస్తకాలుండడం కూడా ధర్మమే. కానీ తెలుగు పుస్తకం ఆ పిల్లల కంటపడాలంటే మన చేతిలోంచే పడాలి, ఇంకో దారి లేదు. తెలుగు అక్షరమే తెలియని పిల్లకు నూరు పుస్తకాల లిస్టు పంపితే చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే.

పోయిన ఎండాకాలం మా అరుగు మీద విద్వాన్ విశ్వం గారి "పెన్నేటి పాట" చదువుకుంటున్నాం. డిగ్రీ చదివే ఒక పాప వచ్చి "ఏంది తాతా అది?" అని అడిగింది. "మన నాగలమడికె దగ్గర పారే పెన్న గురించేమ్మా. రాసినాయన అనంతపురం జిల్లా తరిమెలలో పుట్టినాడు" అన్నాం. "మన ఏటి మీద పుస్తకముందా?" అంది. ఆ పిల్లకు పందొమ్మిదేళ్ళు. ఇన్నేళ్ళూ ఆ మాట చెప్పనిది మనమే కదా, ఫోన్ కాదు కదా!

ఒక పేజీ చదివి వినిపించినాం. తొంగి చూసి "సగం అక్షరాలు కన్నడం మాదిరే ఉన్నాయే" అంది. ఉండవా, ఒకప్పుడు రెండు లిపులూ ఒకటే. రెండు నెలల్లో కూడబలుక్కొని చదవడం పట్టేసింది. బదులుగా తను చదువుతున్న తేజస్వి గారి "కర్వాలో" మా చేతిలో పెట్టింది. ఇప్పుడు మేము కన్నడం వేలు పెట్టి చదువుతున్నాం. వీధిలో కనబడితే చాలు, "ఏ పేజీలో ఉన్నారు తాతా?" అని నిలదీస్తుంది. ఏం చెయ్యాల, భయానికైనా రెండు పేజీలు చదివి బయటికి పోతున్నాం.

ఇది కొత్త సంగతి కాదు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారు మొదలైనవాళ్ళు లైబ్రరీల సభ పెట్టినారు. 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవలో కాలువ మీద ఊరూరికీ పంపినారు. మేము చదివిన తమిళదేశంలో, మన్నార్‌గుడి దగ్గర, 1931లోనే ఎద్దులబండి మీద లైబ్రరీ తిరిగింది. చదువు రానివాళ్ళే ఎక్కువున్న కాలంలో వాళ్ళు "జనం చదవరు" అని తీర్మానం చెయ్యలేదు. బండి కట్టినారు. మనకు బండి కూడా అక్కర్లేదు, సంచీలో ఒక పుస్తకం చాలు.

అందుకే మా ప్రతిపాదన. వచ్చే మీటింగు నుంచి మొదటి పది నిమిషాలు ఇదే కావాలి. ఒక్కొక్కరు లేచి పుస్తకం పేరు, పేజీ నంబరు చెప్పాలి. ఏమీ చదవనివాళ్ళు "ఏమీ లేదు" అనొచ్చు, సిగ్గు లేదు. కానీ అట్లా అన్నవాళ్ళు ఆ పూట పిల్లల మీద ఫిర్యాదు చెయ్యకూడదు. శాలువాల ఖర్చులో సగం తీసి పుస్తకాలు కొనాలి. నోటుబుక్కు రాసే పని మాది.

మాతోనే మొదలుపెడతాం. "కర్వాలో" పక్కన బండి నారాయణస్వామి గారి "శప్తభూమి" కూడా నడుస్తోంది. 2019లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చిన నవల, మన పక్క అనంతపురం సీమ పాతకాలపు కత. అరవై రెండో పేజీలో ఉన్నాం. మనుషుల పేర్లు కలిసిపోయి రెండుసార్లు వెనక్కి పోయినాం, కానీ వదలబుద్ధి కావడం లేదు. మా ఇంటామె తమిళంలో కి. రాజనారాయణన్ గారి "గోపల్ల గ్రామం" రెండోసారి చదువుతోంది. అరవనాడుకు వలసపోయిన తెలుగోళ్ళ కత. ఏ పేజీ అంటే చెప్పదు, మడత పెట్టిన మూల చూపిస్తుంది.

ఈ పోస్టు కింద "సూపర్ సార్" వద్దు, దండం బొమ్మ వద్దు. పుస్తకం పేరు, పేజీ నంబరు రాయండి. తెలుగైనా, కన్నడమైనా, ఏదైనా సరే. మాది తమిళ బడి తెలుగు, తప్పులుంటే దిద్దండి.