చిట్టా ముందు, ఆవర్జా తర్వాత

ఉస్మానియా యూనివర్సిటీలో క్లాసులు ముగిశాక తార్నాకలో మెట్రో ఎక్కితే, అదే నీలం లైన్ అమీర్‌పేట దాకా తీసుకెళ్తుంది. అక్కడ ఒరాకిల్ డేటాబేస్ కోర్సు చేసినవారికి ఇంటర్వ్యూల్లో తరచూ ఎదురయ్యే ప్రశ్న: డీబీ రైటర్ ఏం చేస్తుంది? డర్టీ బఫర్లను డిస్క్ మీద రాస్తుంది. ఈ జవాబు బట్టీపట్టొచ్చు. వెంటనే ఎందుకు రాయదన్నదే తెలుసుకోవాల్సిన సంగతి.

పట్టికలో మార్పు మొదట మెమరీలోని బఫర్లో జరుగుతుంది. డిస్క్ మీద ఇంకా పాత ప్రతే ఉంటుంది; అలాంటి బఫరే ‘డర్టీ’. ఆ మధ్యలో కరెంటు పోతే?

కిరాణా కొట్టు లెక్కలు తెలిసినవారికి ఇది కొత్త కాదు. బేరం జరగ్గానే చిట్టాలో ఒక వరుస పడుతుంది. తీరిక దొరికాక ఖాతాల వారీగా ఆవర్జాకు ఎక్కుతుంది. చిట్టా భద్రంగా ఉంటే ఆవర్జాను సరిచేసుకోవచ్చు. డేటాబేస్‌కు లాగ్ ఫైలే చిట్టా. మార్పు ఖాయమైందని, అంటే కమిట్ అయిందని చెప్పేముందే లాగ్ డిస్కుకు చేరాలి. బఫర్ నిదానంగా వెళ్లొచ్చు, కానీ తన లాగ్‌ను మాత్రం దాటిపోకూడదు. ఈ పద్ధతిని పకడ్బందీగా వివరించిన ‘ఏరీస్’ వ్యాసం 1992లో వచ్చింది. దాని మొదటి రచయిత సి. మోహన్ ఐఐటీ మద్రాసు పూర్వ విద్యార్థి.

పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌లో డర్టీ బఫర్లను డిస్కుకు రాసే నేపథ్య ప్రక్రియ మామూలు సెట్టింగులతో 200 మిల్లీసెకన్లకోసారి లేచి, విడతకు 100 బఫర్లకు మించకుండా రాస్తుంది. బఫర్ 8 కిలోబైట్లు. అప్పటిదాకా మిగిలిన డర్టీ బఫర్లన్నీ డిస్కుకు చేరే చెక్‌పాయింట్ 5 నిమిషాలకోసారి.

2018లో ఒక ప్రమాదం బయటపడింది. డిస్క్ రాత విఫలమైతే లినక్స్ ఆ సంగతి ఒకసారి చెప్పి ఊరుకునేది. మళ్లీ అడిగితే అంతా బాగుందనేది. దాంతో 2019 నుంచి పోస్ట్‌గ్రెస్ అలాంటి రాతను రెండోసారి నమ్మడం మానేసింది. సర్వర్‌ను ఆపేసి లాగ్ నుంచి కోలుకుంటుంది. రాత డిస్కుకు చేరిందని ఖాయం చేసుకునే ‘ఎఫ్‌సింక్’ సెట్టింగును వేగం కోసం ఆపేసేవారు ఈ రక్షణ మొత్తాన్నీ వదులుకుంటున్నారు. జనం కట్టిన ఫీజులు, విద్యార్థుల మార్కులు ఉన్నచోట ఆ పని చేయడం తప్పు.

లాగ్ విలువను క్వెరీలతో నేర్పలేం. పోస్ట్‌గ్రెస్ ఉచితం, పాత కంప్యూటర్ ఒకటి చాలు. వరుసలు ఎక్కుతుండగా ప్లగ్గు లాగాలి. మళ్లీ ఆన్ చేసి, కమిట్ అయినవన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టాలి. ఉస్మానియాలోనూ మిగతా కాలేజీల్లోనూ డీబీఎంఎస్ ల్యాబ్ చెప్పే అధ్యాపకులు ఈ ప్రయోగానికి ఒక్క మధ్యాహ్నం కేటాయించాలి.