సార్వభౌమాధికారం ఎవరి మీద?

కమలాపురం చుట్టుపక్కల చేలల్లో పండే ఒక రకం ఎర్రగడ్డను కమలాపురంలో ఎవరూ పెద్దగా తినరు. దాని పేరు కృష్ణాపురం ఉల్లి. రైతులూ వ్యాపారులూ కేపీ ఉల్లి అంటారు. గడ్డ చిన్నది, రంగు గులాబీ, ఘాటు మాత్రం మన కూరలు తట్టుకోలేనంత. మైదుకూరు, దువ్వూరు, ఖాజీపేట, కమలాపురం ప్రాంతాల్లో పండే ఈ గడ్డ చెన్నై రేవు చేరి, అక్కడినుంచి మలేషియా, సింగపూర్, శ్రీలంక వంటి దేశాలకు ఓడ ఎక్కుతుంది. మన ఇళ్లలో తాలింపులోకి తరిగే గడ్డ వేరు. పాపాగ్ని దాపున మడి కట్టుకున్న రైతు కౌలాలంపూర్ వంటింటి కోసం పంట పెడుతున్నాడు.

ప్రపంచీకరణ వల్ల దేశాల సార్వభౌమాధికారం కరిగిపోతోందనే మాట ముప్పై ఏళ్లుగా వింటున్నాం. బహుళజాతి కంపెనీలు, ప్రపంచ వాణిజ్య సంస్థ, సరిహద్దులు లెక్కచేయని పెట్టుబడి: వీటి ముందు ప్రభుత్వాలు చేతులెత్తేశాయని ఆ వాదన. ఈ వారం మేము ఆ మాటను ఈ గడ్డ దగ్గర పెట్టి చూడదలచాం. అలా చూస్తే మాకు కనిపించింది కొంత వేరుగా ఉంది.

2019 సెప్టెంబర్ 29న కేంద్ర ప్రభుత్వం ఉల్లి ఎగుమతులన్నిటినీ నిషేధించింది. ఢిల్లీలో, ముంబైలో ధర మండుతోంది. 1992 నాటి విదేశీ వాణిజ్య చట్టం కింద విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ ఒక నోటిఫికేషన్ ఇస్తే చాలు, రేవుల్లో ఉల్లి ఆగిపోతుంది. పార్లమెంటులో చర్చ అక్కర్లేదు, రైతుకు ముందస్తు కబురు అక్కర్లేదు. ఆ వలలో కేపీ ఉల్లి కూడా పడింది. ఢిల్లీ వాళ్లు తినని గడ్డను చెన్నైలో ఆపితే ఢిల్లీలో ధర ఎలా తగ్గుతుందో ఎవరూ చెప్పలేదు. బహుశా ఎవరూ అడగలేదు కూడా.

బెంగళూరు రోజ్ ఉల్లిది కూడా ఇదే కథ, అదీ ఎగుమతి కోసం పండే రకమే. దానికి అక్టోబర్ 28నే సడలింపు వచ్చింది, 9 వేల టన్నులకు. మన కడప గడ్డకు 2020 ఫిబ్రవరి దాకా రాలేదు. వచ్చిన అనుమతి 10 వేల టన్నులకు, మార్చి 31 గడువుతో, చెన్నై రేవు ద్వారా మాత్రమే. మార్చి 15 నుంచి మొత్తం నిషేధమే ఎత్తేశారు. 2020 సెప్టెంబర్ 14న మళ్లీ నిషేధం. ఈసారి అక్టోబర్‌లోనే కేపీ ఉల్లికి మళ్లీ 10 వేల టన్నులు, మళ్లీ చెన్నై రేవే. ఒకసారి నాలుగు నెలలు, ఒకసారి నాలుగు వారాలు. పెరికిన గడ్డకు ఈ తేడా ఏమిటో చేనుగట్టు మీద రాశి పోసి పట్ట కప్పుకున్నవాడికి తెలుస్తుంది. తేమ తగిలితే కుళ్లు, ఆలస్యమైతే మొలక. కాగితం కదిలే వేగంతో ఉల్లిగడ్డ నడవదు.

ప్రభుత్వం వైపు న్యాయం లేదని మేము అనడం లేదు. మన సంఘాల్లో ఉల్లి పండించేవాళ్లకంటే కొనుక్కునేవాళ్లే ఎక్కువ. కూలి చేసుకుని సాయంత్రం కిలో గడ్డలు తెచ్చుకునే తల్లికి ధర రెట్టింపయితే అది చిన్న సంగతి కాదు. ధాన్యం బిగబట్టేవాడిని జనం శపిస్తారని సామెతల గ్రంథం 11వ అధ్యాయంలో ఉంది. ఆకలిగొన్న ఊరి ముందు గాదెకు తాళం వేయకుండా చూడడం పాలకుడి పనే. పైగా ఉల్లి ప్రభుత్వాలను దించిన చరిత్ర మన దేశంలో ఉంది. 1980లో ఇందిరా గాంధీ తిరిగి గెలిచిన ఎన్నికను ఉల్లి ఎన్నిక అన్నారు, 1998లో ఢిల్లీలో బీజేపీ ప్రభుత్వం ఓడడానికి ఉల్లి ధరే పెద్ద కారణమని చెప్పుకున్నారు. పాలకుల భయం నిజమైనదే. కానీ ఆ భయంలో ఏ గడ్డ ఎవరు తింటారో చూడకుండా అన్నిటికీ ఒకే తాళం వేయడం మాత్రం పాలన కాదు.

2023లో మరోసారి చూశాం. ఆగస్టులో 40 శాతం ఎగుమతి సుంకం, డిసెంబర్ 8 నుంచి నిషేధం. 2024 ఏప్రిల్‌లో, నిషేధం ఇంకా నడుస్తుండగానే, 2 వేల టన్నుల తెల్ల ఉల్లిని పంపుకోవడానికి గుజరాత్ రైతులకు అనుమతి దొరికింది. మహారాష్ట్ర రైతులు భగ్గుమన్నారు. మే 4న నిషేధం తొలగింది, సుంకం మాత్రం 2025 ఏప్రిల్ 1 వరకు ఏదో ఒక స్థాయిలో ఉంది. తాళంచెవి ఉన్నచోటికి ఎవరి గొంతు వినబడుతుందో వాళ్లకే తలుపు ముందు తెరుచుకుంటుంది.

మనం ఇలా తలుపు వేసి తీస్తుంటే అవతలివాళ్లు ఊరకే కూర్చోరు. 2019 అక్టోబర్‌లో ఢిల్లీ వచ్చిన బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా, ఉల్లి లేకుండా వండమని తన వంటమనిషికి చెప్పానని నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వు వెనుక ఫిర్యాదు ఉంది. చెప్పాపెట్టకుండా సరుకు ఆపే దేశాన్ని నమ్ముకోకూడదని కొనేవాడు నేర్చుకుంటాడు. ఆ పాఠానికి మూల్యం మాత్రం మన రైతు చెల్లిస్తాడు.

ఇప్పుడు మలేషియా నుంచి మన వైపు వచ్చే సరుకును చూద్దాం, పామాయిల్. 2019 సెప్టెంబర్‌లో మలేషియా ప్రధాని మహతీర్ మొహమ్మద్ ఐక్యరాజ్యసమితిలో కశ్మీర్ గురించి మాట్లాడారు. మన ప్రభుత్వానికి కోపం వచ్చింది. 2020 జనవరి 8న శుద్ధి చేసిన పామాయిల్ దిగుమతిపై ఆంక్ష పెట్టింది. తిరిగి దెబ్బ కొట్టేంత పెద్ద దేశం కాదు మాది అని మహతీర్ ఒప్పుకున్నారు. ఒక మాటకు బదులుగా ఒక సరుకును ఆపగలిగిన దేశాన్ని సార్వభౌమత్వం కోల్పోయిన దేశమని ఎలా అనగలం?

అదే పామాయిల్ రాయలసీమ వేరుశనగ రైతు గొంతు మీద పాతికేళ్లకు పైగా కూర్చుంటే మాత్రం ఆ శక్తి కనిపించలేదు. 1994లో పామోలిన్ దిగుమతికి తలుపులు తెరిచారు, అప్పుడు సుంకం 65 శాతం. 1998 నాటికి అది 15 శాతానికి దిగింది. అడిగితే ప్రపంచ వాణిజ్య సంస్థ పేరు చెబుతారు. ఇక్కడ పాఠకులు ఒక సంగతి గమనించాలి. ఆ సంస్థలో మన దేశం సోయా నూనెకు 45 శాతం మించి సుంకం వేయనని మాట ఇచ్చింది, నిజమే. పామాయిల్‌కు ఇచ్చిన గరిష్ఠ హద్దు 300 శాతం. అంటే జెనీవా మన చేతులు కట్టేయలేదు. తగ్గించాలని ఢిల్లీయే అనుకుంది, తగ్గించింది. 2024 సెప్టెంబర్‌లో ముడి నూనెలపై 20 శాతం సుంకం పెట్టి, 2025 మే నెలాఖరున దాన్ని 10కి దించినప్పుడు కూడా అంతే. నేడు దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటినుంచే వస్తోంది. కరువులు, తెగుళ్లు, పాత విత్తనం కూడా వేరుశనగను దెబ్బతీశాయి, అన్నీ సుంకం మీదికి నెట్టడం నిజాయితీ కాదు. అయినా కట్టుతెంచుకుని వచ్చిన వరద వేరు, మనమే తూము ఎత్తిన నీరు వేరు.

మా ఆలోచన ఇది. ప్రపంచీకరణలో ప్రభుత్వం బలహీనపడలేదు. దాని బలం ఎటు తిరుగుతోందో అది మారింది. నోటిఫికేషన్ ఒక్కటే చాలిన చోట, అంటే ఎదురు చెప్పలేనివాడి మీద, అది పూర్తి సార్వభౌమమే. పెద్ద వ్యాపారం, పెద్ద పెట్టుబడి ఎదురైన చోట మాత్రం అంతర్జాతీయ పరిస్థితుల గురించి మాట్లాడుతుంది.

మన సంఘాలకు ఈ తేడా ఇంకోచోట బాగా తెలుసు. బయటి దేశపు విశ్వాసి ఒక పల్లె హాస్టలుకు పంపే సొమ్ము 2020 సవరణ తరువాత ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. అక్కడికి చేరిన సంస్థ దాన్ని మరో చిన్న సంస్థకు పంచకూడదు. కంపెనీల పెట్టుబడికేమో చాలా రంగాల్లో ముందస్తు అనుమతి లేకుండానే నూటికి నూరు శాతం దారి తెరిచి ఉంది. లెక్క అడగడం తప్పని మేము అనం. మన సంస్థల్లో కొన్నిటి లెక్కలు ఆదివారం కానుకల పుస్తకమంత శుభ్రంగా కూడా లేవని మనకు తెలియనిది కాదు. కానీ ఒక డాలరును అనుమానించి మరో డాలరుకు తివాచీ పరిచే ద్వారపాలకుడిని కారణం అడిగే హక్కు పౌరుడికి ఉంటుంది.

ఇక కువైట్ సంగతి. కడప జిల్లాలో కువైట్‌తో సంబంధం లేని ఊరు వెతకాలి. అక్కడ మనవాళ్లకు శుక్రవారమే ఆదివారం. కువైట్ సిటీలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో ఎన్నో భాషల ఆరాధనల మధ్య తెలుగు ఆరాధన కూడా జరుగుతుంది. ఈ పత్రికను అక్కడ ఫోన్లో చదివే అక్కాచెల్లెళ్లు ఉన్నారు. వాళ్ల మీద రెండు సార్వభౌమాధికారాలు ఉన్నాయి. ఒకటి వీసా ఇచ్చిన దేశానిది, రెండోది పాస్‌పోర్టు ఇచ్చిన దేశానిది. ఇంటిపని చేసేవాళ్ల పాస్‌పోర్టు యజమాని తీసి పెట్టుకోకూడదని, వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలని 2015 నాటి కువైట్ చట్టమే చెబుతోంది. ఆ చట్టం బీరువా తాళం దాకా వస్తుందా అన్నది ఆ ఇంటి యజమాని మనసును బట్టి ఉంటుంది. మన వైపు 1983 నాటి వలస చట్టం ఉంది. పదో తరగతి తప్పినవాళ్లు గల్ఫ్‌కు పనికి వెళ్లాలంటే అనుమతి ముద్ర కావాలి. ఆ అనుమతి 30 ఏళ్లు నిండని స్త్రీకి దొరకదు. కాపాడాలనే పెట్టారు. వయసు, అవసరం, అప్పు మాత్రం ముప్పై దాకా ఆగవు. ఏజెంటు ఆగనివ్వడు. విజిట్ వీసా మీద ఎక్కిన అమ్మాయి మన ప్రభుత్వ లెక్కల్లోనే ఉండదు, కష్టం వచ్చినప్పుడు రాయబార కార్యాలయం వెతకాల్సింది లెక్కలో లేని మనిషిని.

మనసుపెడితే మన ప్రభుత్వం ఏం చేయగలదో కూడా చూశాం. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు అమ్మాన్ మీదుగా లక్షా 70 వేల మందికి పైగా భారతీయులను విమానాల్లో తీసుకొచ్చారు. ఆ రోజు పదో తరగతి పాసయ్యావా అని ఎవరూ అడగలేదు. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికుల భవనం తగలబడి 45 మంది భారతీయులు చనిపోయినప్పుడు రెండు రోజుల్లో వైమానిక దళ విమానం శవపేటికలను కొచ్చికి తెచ్చింది. శవం కోసం విమానం పంపగల దేశం, మనిషి బతికుండగా అతని గది ఎలా ఉందో, ఒక్కో అంతస్తులో ఎంతమందిని కుక్కారో అడగగలదు. 2021 జూన్‌లో రెండు దేశాలు ఇంటిపనివాళ్ల గురించి ఒప్పందం చేసుకున్నాయి. అందులో ఏ హక్కు ఉందో, ఎవరికి ఫోన్ చేయాలో బయల్దేరే మనిషికి విమానాశ్రయంలో కాదు, మండల కేంద్రంలో తెలుగులో చెప్పాలి.

ఇక్కడే అమరావతి ప్రస్తావన వస్తుంది. రాజ్యాంగం ప్రకారం వ్యవసాయం రాష్ట్రానిది. ఎగుమతి, సుంకం, వలస మూడూ కేంద్రానివి. పంట పండించడం రాష్ట్ర జాబితాలో, అది దేశం దాటడం కేంద్ర జాబితాలో. 2025లో కర్నూలు మార్కెట్లో ఉల్లి ధర పడిపోయి రైతులు పంటను పారబోసినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం చేయగలిగింది నష్టపోయాక ఓదార్చడమే. క్వింటాలు 1,200 రూపాయలకు కొంటామంది, తరువాత హెక్టారుకు 50 వేలు ఇస్తామంది. ఆ సాయాన్ని తక్కువ చేయడం లేదు. కానీ రేవు తలుపు మీద రాష్ట్రానికి చెయ్యి లేదు, కనీసం ఆ తలుపు వేసేముందు సంప్రదించాలన్న నియమమూ లేదు.

సార్వభౌమాధికారం అనే ఆలోచన పుట్టుక గురించి చెబుతూ పాఠ్యపుస్తకాలు 1648 నాటి వెస్ట్‌ఫేలియా సంధి దగ్గర మొదలుపెడతాయి. క్రైస్తవులు క్రైస్తవులను ముప్పై ఏళ్లు చంపుకున్నాక, ఎవరి సరిహద్దులో వాళ్లు ఉందామని చేసుకున్న ఒప్పందం అది. మనం గొప్పగా చెప్పుకునే పుట్టుక కాదు. అంతకు చాలా ముందే మాకు రాజు కావాలని అడిగిన ఇశ్రాయేలీయులకు, ఆ రాజు మీ పొలాల్లో, ద్రాక్షతోటల్లో మంచివి తీసుకుంటాడని సమూయేలు హెచ్చరించాడు. ఆ హెచ్చరికలో పరదేశి రాజుల ఊసు లేదు, అంతా సొంత రాజు గురించే. పరిశుద్ధ గ్రంథంలో ఉల్లి కనిపించేది కూడా ఒకేచోట, సంఖ్యాకాండము 11లో. అరణ్యంలో నడుస్తున్న జనం ఐగుప్తులో తిన్న చేపలనూ దోసకాయలనూ ఉల్లినీ తలచుకుని ఏడ్చారు. వెట్టిచాకిరీ చేసిన దేశాన్ని కూర రుచితో గుర్తుపెట్టుకున్నారు. కువైట్ నుంచి సెలవు మీద వచ్చి మళ్లీ వెళ్లిపోయేవాళ్లను చూసినప్పుడు ఆ అధ్యాయం మాకు గుర్తొస్తుంది, తప్పు పట్టడానికి కాదు.

కేంద్రాన్ని మేము కోరేది పెద్దదేమీ కాదు. ఉల్లి ధర మళ్లీ పెరుగుతుంది, నిషేధం మళ్లీ వస్తుంది. ఆ నోటిఫికేషన్ రాసే రోజునే కృష్ణాపురం ఉల్లికి మినహాయింపు అందులో ఉండాలి, నాలుగు నెలల తరువాత టన్నుల లెక్కతో కాదు. మన లోక్‌సభ సభ్యులు, రాష్ట్ర ఉద్యాన శాఖ ఈ ఒక్క వాక్యాన్ని రాతపూర్వకంగా అడిగి తెచ్చుకోవచ్చు. కమలాపురం రైతు విత్తనం కొనకముందే ఆ జవాబు రావాలి.